గవి అంటే నాకు తెలుసు

మా పుట్టింటి మిద్దె మీద నిలబడి తూర్పుకు చూస్తే నల్లమల కనిపిస్తుంది. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె మాది. పొద్దున ఆ కొండ నీలంగా, మధ్యాహ్నానికి దుమ్ము రంగులో ఉంటుంది. వాన వెలిసిన సాయంత్రాల్లో అయితే చెట్టు చెట్టూ లెక్కపెట్టవచ్చన్నంత దగ్గరికి వచ్చేస్తుంది. 18 ఏళ్ళు రోజూ ఆ కొండల్ని చూస్తూ పెరిగాను. కానీ ఎగువ అహోబిలం గుడి దాటి లోపలికి ఒక్క అడుగు వేసింది లేదు. ఆడపిల్లల్ని అడవికి పంపేవాళ్ళు కాదు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, బెంగళూరు. మారతహళ్ళిలో కాపురం పెట్టి 17 ఏళ్ళయింది. పోయిన కార్తీకంలో పిల్లల్ని తీసుకుని ఆ కొండల్లోకి వెళ్ళాం.

ఎందుకు వెళ్ళామో చెప్పాలంటే ఒక ఆదివారం సంగతి చెప్పాలి. పెద్దదానికి 13, చిన్నోడికి 9. ఇద్దరికీ వచ్చింది వంటింటి తెలుగు. తిను, తాగు, పడుకో, చెప్పులు విడువు, అవ్వతో మాట్లాడు. అంతకు మించితే ఇంగ్లీషులోకి జారిపోతారు. వీధిలో ఆటలన్నీ కన్నడంలోనే. బళ్ళో కన్నడం ఉంది. కర్ణాటకలో 2015 చట్టం వచ్చాక అది అందరికీ తప్పనిసరి. అది న్యాయమే అంటాను నేను, ఉంటున్న ఊరి మాట పిల్లలకు రావాలి. మూడో భాషగా హిందీ వచ్చి కూర్చుంది. తెలుగుకు చోటు లేదు. అందుకని ఆదివారం పొద్దున కంప్యూటర్‌లో తెలుగు క్లాసు పెట్టించాను. చిన్నోడికి అదంటే ఏడుపు. ఆ రోజు ఒక శతక పద్యం ఒప్పజెప్పేదాకా టిఫిను పెట్టనన్నాను. వాడు పదకొండింటిదాకా మొండికేసి కూర్చున్నాడు. చివరికి ఏడుస్తూ, ఎక్కిళ్ళ మధ్య, తప్పుల్లేకుండా చెప్పాడు. దోసె చల్లారిపోయింది. తినలేదు.

ఆ పద్యం వాడు జన్మలో మరిచిపోడు. ఎందుకు మరిచిపోడో తలుచుకుంటే నాకు భయమేసింది. క్లాసులో కాక, తెలుగు తప్ప మరో మాట రాని మనుషుల మధ్య వింటారని ఈ ప్రయాణం పెట్టాను.

బెంగళూరు నుంచి అహోబిలానికి 350 కిలోమీటర్ల పైచిలుకు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం. అక్కడ హైవే వదిలి తాడిపత్రి మీదుగా కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ. తెల్లారకముందే బయల్దేరాం. బాగేపల్లిలో ఇడ్లీ తినేటప్పుడు హోటలాయన మా వాడితో కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని, తడుముకోకుండా తెలుగులోకి వచ్చేశాడు. "అమ్మా, ఆంధ్రా వచ్చేసిందా?" అన్నాడు చిన్నోడు. ఇంకా రాలేదు. ఆ తాలూకాలో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. మాట ఎక్కడ ఆగుతుందో చూద్దామని వాడు కిటికీలోంచి బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. అక్షరాలు అన్నదమ్ముల్లా ఉంటాయి గనుక కన్నడం చదివే పిల్లలకు తెలుగు సగం వచ్చినట్టే. తలకట్టు దగ్గర తడబడతారు, శ దగ్గర ఆగుతారు, మిగతాది ఊహించేస్తారు. తాడిపత్రి వచ్చేసరికి పెద్దది తమ్ముడి తప్పులు దిద్దుతోంది. అది కూడా క్లాసుకు సరిగ్గా కూర్చున్న పిల్ల కాదు.

కోయిలకుంట్ల దాటాక నల్లరేగడి చేలల్లో శనగ. బండి ఆపి ఇద్దరినీ దించాను. శనగాకు మీద పొద్దుటి తడి నాలుక్కి తగిలితే పుల్లగా ఉంటుంది. "హుళి!" అన్నాడు చిన్నోడు. కన్నడంలో పులుపును హుళి అంటారు, పెద్దపులిని హులి అంటారు. అప్పుడు పెద్దది లెక్క కట్టింది. పాలు హాలు, పువ్వు హూవు, పల్లె హళ్ళి, పులి హులి. మన ప అక్కడ హ. ఇదంతా ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. పాత కన్నడంలో అవీ పకారాలేనని, తర్వాత హకారం అయ్యాయని నేను చదువుకున్న ముక్క చెబితే, "అంటే ముందు ఇద్దరూ ఒకేలా అనేవాళ్ళా?" అంది. మా ఇంట్లో కన్నడానికీ తెలుగుకూ తగవు పెట్టింది నేనేనేమో అని మొదటిసారి అనిపించింది అక్కడే, ఆ చేనుగట్టు మీద.

మర్నాడు అహోబిలం కొండల్లోని తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో ఒకటైన పావన నరసింహుడి దగ్గరికి. అక్కడికి మా కారు పోదు. మావారికి బండి నడపడమంటే ప్రాణం, ఎత్తున్న బండే కదా అని ఒకసారి ఆశపడ్డారు. ఊళ్ళో జీపులవాళ్ళు చక్రాల వంక చూసి తల అడ్డంగా ఊపారు. వాళ్ళు చెప్పింది నిజమే. అది రోడ్డు కాదు, వాన నీళ్ళు దిగే దారి. తలకాయంత రాళ్ళు పరుచుకుని ఉంటాయి, ఒక పక్క మట్టి కోసుకుపోయి గండి పడి ఉంటుంది. జీపు నాలుగు చక్రాలకూ ఊపిరి అందించుకుంటూ మొదటి గేరులో, మనిషి నడకకన్నా నిదానంగా పోతుంది. డ్రైవరు ప్రతి మలుపు ముందూ ఒక్క క్షణం ఆగి, ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో కళ్ళతో రాసుకుంటాడు. వాగులోకి దించేటప్పుడు క్లచ్చి జోలికి పోడు, బండిని ఇంజను పట్టు మీదే దింపుతాడు. మావారు వెనక సీటు వదిలేసి ముందుకొచ్చి, పిల్లాడిలా ఆయన చేతుల్నే చూస్తూ కూర్చున్నారు. మాకు తలలు కమ్మీలకు కొట్టుకున్నాయి. చిన్నోడు మాత్రం ఒక్కసారి కూడా ఇంకెంత దూరమని అడగలేదు.

మాతో వచ్చిన మనిషి చెంచు. యాభై దాటి ఉంటాయి. నేను అన్నా అన్నాను, పిల్లలు మామా అన్నారు. ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. నాకు కావలసింది అదేనని ముందు అనుకున్నాను కానీ, గంటలోపే ఆ పథకం నా తలలోంచి పోయింది. ఆయన మాటలు వినడమే సరిపోయింది. అహోబిలం నరసింహుడు చెంచులకు అల్లుడు. చెంచులక్ష్మి వాళ్ళ ఆడబిడ్డ. సంక్రాంతి పండగ వెళ్ళగానే స్వామి పారువేటకు బయల్దేరి చుట్టుపక్కల 30కి పైగా ఊళ్ళు తిరిగి, తన కల్యాణానికి రమ్మని పిలుస్తాడు. "మా ఇంటి అల్లుడు పాపా, అడిగితే కాదనకూడదు" అన్నాడాయన మా పెద్దదానితో. దేవుడి గురించి అంత చనువుగా ఎవరైనా మాట్లాడగా అది వినలేదు. మా అపార్ట్‌మెంటులో దేవుడంటే పూజగది.

మూడో రోజు నడక. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుడి దారి. కొత్తగా వెళ్ళేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం ఆ రాళ్ళు పెనంలా కాలతాయి, వానాకాలం వాగు మాట వినదు. ఆరింటికల్లా నడక మొదలుపెట్టాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, అరిగిపోని అడుగున్న బూట్లు. గుడి దగ్గర వెదురు కర్రలు అద్దెకిస్తారు, నామోషీ అనుకోకుండా తీసుకోవాలి. నడవడానికీ అదే, కోతులకూ అదే. తినేవి ఏవీ చేతిలో కనపడనివ్వకూడదు. తెలిసిన మనిషి లేకుండా దారి వదిలి లోపలికి పోకూడదు. ఇది చిరుతలు, ఎలుగులు తిరిగే అడవి. దీనికి ఉత్తరాన కృష్ణ ఒడ్డున ఉన్న నల్లమలను 1983లో పెద్దపులుల రక్షిత ప్రాంతం చేశారు.

వాగులో రాళ్ళ మీద నుంచి రాళ్ళ మీదికి దాటుతున్నాం. "కల్లు జారుతోంది" అన్నాడు చిన్నోడు. మామ ఆగిపోయి, "యాడుండాది నాయనా కల్లు?" అన్నాడు. కన్నడంలో కల్లు అంటే రాయి. పెద్దది విడమరిచి చెప్పింది. అప్పుడాయన ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. ఇది గుండు. ఇది పరుపుబండ, వెడల్పుగా పరుచుకుంది సూడు. ఇది దొన, బండలో గుంత, ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, గువ్వలు దీన్ని నమ్ముకునే బతుకుతాయి. ఇది పాసి, దీని మీద కాలు పెట్టద్దు. ఈ పక్కంతా కోన.

"కోణానా? ఎక్కడ?" అని చిన్నోడు చుట్టూ వెతికాడు. కన్నడంలో కోణ అంటే దున్నపోతు. కోన అంటే రెండు కొండల నడుమ లోయ అని చెప్పాను. చెప్పానే గానీ, దొన అనే మాట నేను విని ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోలేకపోయాను. మా నాయన అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ మాట కూడా ఆయనతోనే పోయింది అనుకోవడానికి లేదు, ఇక్కడ ఎవరో దాన్ని రోజూ వాడుతూనే ఉన్నారు.

ఇంకాస్త ఎక్కాక మామ కర్రతో పైకి చూపించి, "అద్దో, ఆడ గవి ఉండాది" అన్నాడు.

నేను గుహ అని అర్థం చెప్పబోయాను. నాకంటే ముందు చిన్నోడు అరిచాడు: "గవి అంటే నాకు తెలుసు! గవి గంగాధరేశ్వర!" బసవనగుడి దగ్గర గవిపురంలో రాతిగుహలో ఉన్న శివుడి గుడి అది. సంక్రాంతి రోజు సాయంత్రం సూర్యుడి వెలుగు లోపలి లింగం దాకా పడుతుంది, బళ్ళోంచి వాడిని తీసుకెళ్ళారు. గుహ అనే మాట వాడికి అప్పటికీ రాదు. కన్నడంలో గవి, మామ నోట గవి. ఆయన వాడి భుజం తట్టి, "నీకు మన మాట బాగా వచ్చునే" అన్నాడు.

మన మాట. వాడి ముఖం చూడాలి అప్పుడు. పద్యం తప్పుల్లేకుండా చెప్పిన రోజు నేను కూడా బాగా చెప్పావనే అన్నాను. ఈ ముఖం ఆ రోజు చూడలేదు.

మాలోల నరసింహుడి గుడి దాటి కొంత దూరం పోతే ప్రహ్లాద బడి. కొండచరియ కింద చిన్న గవి, ముందు నున్నటి బండ. ఆ బండ మీద అక్షరాల్లాంటి గీతలు. ప్రహ్లాదుడు దిద్దిన పలకలంటారు. నల్లమల రాయి వంద కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రపు ఇసుక, బురద గట్టిపడి అయిన రాయి అని మావారు పిల్లలకు చెప్పారు. రెండు కథలూ విన్నారు, రెండిట్లో ఒకటి ఎంచుకోమని మేం అడగలేదు. చిన్నోడు గీతల్లో అక్షరాలు వెతుకుతూ కూర్చున్నాడు. ఇది మ లాగుంది, ఇది కన్నడ త లాగుంది.

మామ కథ చెప్పాడు. ప్రహ్లాదుణ్ణి గురువుల దగ్గర పెట్టి చదివించారు. తండ్రి పిలిచి, నేర్చుకున్నది చెప్పమన్నాడు. కొడుకు తండ్రికి కావలసింది చెప్పలేదు. తోయించాడు, తొక్కించాడు, విషం పెట్టించాడు. కథ ఇంకా స్తంభం దాకా రాకముందే పెద్దది అంది: "ఒక మాట చెప్పించడానికి అంత చేయాలా? వాళ్ళ నాన్న అడగడం మానేసి ఊరికే పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది కదా."

మామకు చెబుతున్నట్టే అంది. నా వైపు చూడలేదు. అది ఆదివారం దోసె గురించి అన్నదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, అడగలేదు కూడా. ఈ కథ ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. ఎప్పుడూ నేను ప్రహ్లాదుడి పక్కనే ఉన్నాననుకుంటూ విన్నాను. ఆ బండ మీద కూర్చుంటే, కొడుకు నోటినుంచి తనకు కావలసిన మాట వచ్చేదాకా నిద్రపోలేని తండ్రి గుండె ఎలాంటిదో తెలిసింది. హిరణ్యకశిపుడికీ భయమే అయి ఉంటుంది. తన తర్వాత తన పేరు ఎత్తేవాళ్ళు ఉండరేమోనని. నేను లేచి వెళ్ళి చిన్నోడి పక్కన కూర్చుని, వాడు చూపించిన గీతలు చూశాను. ఒకటి నిజంగానే మ లాగుంది.

నరసింహుడు చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని చెప్పే కొండకొమ్ము, ఉగ్రస్తంభం, ఎక్కలేదు. పెద్దది ఎక్కుదామని పట్టుపట్టింది. ఆ పైకి దారి నిటారు, ముందురోజు రాత్రి జల్లు పడింది. మామ రాయిని అరచేత్తో తడిమి చూసి, "ఈసారి వద్దు పాపా" అన్నాడు. నేను చెప్పి ఉంటే అరగంట వాదించేది. ఆయన చెప్తే తల ఊపి కర్ర తిప్పుకుంది.

తిరుగు దారిలో దిగువ అహోబిలంలో కృష్ణదేవరాయలి పేరు వచ్చింది. 1515లో ఆయన ఇక్కడికి వచ్చాడని శాసనం ఉంది. మా పుస్తకంలో ఆయన కర్ణాటక రాజు అంది పెద్దది. మావారు నోరు తెరిచారు, నేను చెయ్యి పట్టుకున్నాను. రాయలు ఇద్దరికీ సరిపోతాడు.

ఆదివారం క్లాసు మాన్పించాను. అది సరైన పనేనా అని ఇప్పటికీ రాత్రుళ్ళు ఆలోచిస్తాను, ఎందుకంటే చదవడం, రాయడం రాకపోతే మాట ఒక తరానికే ఆగిపోతుందని నేను నమ్ముతాను. దాని బదులు వారానికోసారి అవ్వకు ఉత్తరం. తెలిసిన అక్షరం తెలుగులో, తెలియనిది కన్నడంలో. అవ్వ పక్కింటి పిల్లల చేత చదివించుకుంటోంది.

ఆ నడక ముగించుకుని వచ్చిన రోజు సాయంత్రం మా పుట్టింటి మిద్దె మీద చేరాం. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ కొండల వైపు చేతులు చాపి, అదిగో అక్కడ పావన, ఆ మడత వెనక జ్వాల అని పోటీలు పడి చూపిస్తున్నారు. నిజానికి ఆ మడత ఏదో నాకూ తెలియదు. అవ్వకు 74 ఏళ్ళు. పుట్టినప్పటినుంచీ ఆ గీతను చూస్తూనే ఉంది, పావన దాకా ఎన్నడూ పోలేదు.

"జీపు పోతుందంటివే" అంది కాసేపటికి. "అయితే నన్నూ తీసుకపోండి."

చిన్నోడు ఆమె పక్కకు జరిగి, మోకాలి మీద చెయ్యి వేసి, అచ్చం మామ గొంతుతో అన్నాడు: "తీసుకపోతాం గానీ, కర్ర పట్టుకోవాల అవ్వా. పాసి మీద కాలు పెట్టద్దు."