విల్లీస్ జీపు పెట్రోల్ ట్యాంకు పని, ఇప్పటిదాకా అయింది

ఇంట్లోకి పెట్రోల్ వాసన వస్తోందని మా ఆవిడ మూడు నెల్లుగా మొత్తుకుంటూనే ఉంది, నేనేమో కార్బ్యురేటర్ కారుతుందిలే అని దాన్నే రెండుసార్లు విప్పి బిగించా. తీరా డ్రైవర్ సీటు ఎత్తి చూస్తే రోగం అక్కడుంది. మాది 1944 విల్లీస్ ఎంబీ, మిలట్రీ జీపు. ట్యాంకు డ్రైవర్ సీటు కిందే, 15 అమెరికన్ గ్యాలన్లు అంటే మన లెక్కలో 57 లీటర్ల దాకా. ఫ్లోరులో ఒక గుంట చేసి అందులో కూర్చోబెట్టారు. పైకప్పు లేని బండి కదా, వాన పడ్డా మనం కడిగినా నీళ్ళు చేరేది ఆ గుంటలోకే. నీళ్ళు పోడానికి కింద చిల్లు ఉంది గానీ ఎవరో మహానుభావుడు దాన్ని పెయింటూ మట్టీ కలిపి పూడ్చేశాడు, ఇంక ట్యాంకు అడుగు ఏళ్ళ తరబడి బురదలో నానింది. పైనుంచి చూస్తే ఆలివ్ గ్రీన్ నిగనిగలాడుతోంది, తిరగేసి స్క్రూడ్రైవర్‌తో గీకితే అప్పడంలా పెళుసుగా రాలింది. ఐదు చిల్లులు, ఒకదాంట్లో చిటికెన వేలు దూరుతోంది.

తర్వాతి ఆదివారం కడగడమే సరిపోయింది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపలి ఆవిరికి నిప్పురవ్వ తగిలితే బాంబే. సర్ఫు వేసి వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగా, రెండ్రోజులు ఎండలో పెట్టా, అయినా వాసన పోలేదు, మళ్ళీ కడిగా.

తుప్పుకి కరెంటు పద్ధతి పెట్టా. చిల్లులకి బయట టేపు, నాలుగు లీటర్ల నీళ్ళకి ఒక చెంచా వాషింగ్ సోడా, పెట్రోల్ మట్టం కొలిచే గేజ్ యూనిట్ బొక్కలోంచి చెక్కముక్కకి కట్టిన ఇనప కడ్డీ దింపా. అది ట్యాంకుకి ఎక్కడా తగలకూడదు. చార్జర్ ప్లస్ కడ్డీకి, మైనస్ ట్యాంకుకి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ మాత్రం వద్దు, విషపు క్రోమియం దిగుతుంది. బుడగలు వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే, బీడీలు కాల్చేవాళ్ళని దూరంగా తరిమి. రెండు రాత్రులకి నీళ్ళు చింతపండు పులుసులా తయారయ్యాయి.

చిల్లులకి గ్యాస్ వెల్డింగ్ చేయిద్దామనుకున్నా. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేత్తో తట్టి చూసి, "బాబూ, దీనికి గ్యాస్ పెడితే ఐదు చిల్లులు యాభై అవుతాయ్, మాటు వేద్దాం" అన్నాడు, అంటే సీసం కరిగించి అతకడం. రేకు మెరిసేదాకా ఎమరీ కొట్టి, యాసిడ్‌లో జింకు ముక్కలు పొంగు ఆగేదాకా వేసిన నీళ్ళు పూసి, రాగి మొద్దు దూరంగా కొలిమిలో కాల్చి తెచ్చి ముందు చుట్టూ కళాయి పట్టించాడు. మాసిక రేకుక్కూడా విడిగా కళాయి పట్టించి, అప్పుడు రెండూ కలిపి అతికాడు. సీసం అంచు కిందకి నీళ్ళలా జారుకోవడం చూస్తూ అక్కడే గంటసేపు నిలబడిపోయా. ఆ యాసిడ్ మిగిలితే మళ్ళీ తుప్పే, అందుకని ఇంటికొచ్చి సోడానీళ్ళతో కడిగా.

ఇంకో సంగతి, గేజ్ ముల్లు ఎప్పుడూ ఖాళీ అనే చూపించేది, వైరింగ్ అనుకున్నా. యూనిట్ విప్పితే పెట్రోల్ మీద తేలాల్సిన కార్క్ బెండు తడిసి ముద్దయి వేలాడుతోంది. దాని మీద ఉండేది లక్క పూత, పెట్రోల్‌కి కరగదు గానీ స్పిరిట్‌కి కరుగుతుంది, ఇప్పుడు పోయించుకునే ఈ20 పెట్రోల్‌లో ఇథనాల్, అంటే స్పిరిటే, 20 శాతం కదా మరి. ఇత్తడి ఫ్లోట్ పెట్టించా.

నిన్న లీకు చూశా. కంప్రెషర్ పెడితే రేకు ఉబ్బుతుంది, సైకిల్ పంపుతో కొద్దిగా గాలి కొట్టి సబ్బు నురగ పూస్తే చాలు. మాట్ల దగ్గర ఒక్క బుడగ లేదు, డ్రెయిన్ ప్లగ్ దగ్గర మాత్రం వచ్చింది, వాషర్ మార్చాక అదీ ఆగింది. గుంటలో చిల్లు తెరిచి రెడాక్సైడ్ కొట్టా. ట్యాంకు కింద ఏం పరవాలో తేలలేదు, ఫెల్ట్ వేస్తే నీళ్ళు పీలుస్తుందని భయం, రబ్బరు పట్టీలు కోసి చూస్తున్నా.