మజ్జిగ బిందె

"సాకు తాయి, సాకు" అంటూ, చాలు తల్లీ అని కన్నడలో వారిస్తూ, ఆ పెద్దాయన కాలు వెనక్కి లాక్కున్నారు. నేను వదల్లేదు.

రాయచూరు నుంచి నడిచొస్తున్నారట. అరికాలికి చుట్టిన గుడ్డ బొబ్బకు అంటుకుపోయింది. గోరువెచ్చని నీళ్లు పోస్తూ కొంచెం కొంచెంగా ఊడదీశాను. ఆయన "మల్లయ్యా" అని కళ్లు మూసుకున్నారు, అంతే.

ఏటా ఉగాదికి ముందు కన్నడ భక్తులు మా కర్నూలు మీదుగా శ్రీశైలం నడిచి వెళ్తారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. కూతురి ఇంటికి పోతున్నట్టే పోతారు. అమ్మ ఏటా ఆత్మకూరు రోడ్డు పక్కన వాళ్లకు మజ్జిగ పోసేది.

అమ్మ పోయాక ఇదే మొదటి ఉగాది. దేవుడి మీద కోపంతో దీపం కూడా సరిగా పెట్టడం లేదు నేను. బిందె అటక మీదే ఉండనీ అనుకున్నా.

పొద్దున్నే పక్కింటి భాయ్ పెరుగు క్యాన్ తెచ్చి గడప ముందు పెట్టాడు. "అక్కా, బిందె దించు, వాళ్లు వచ్చేస్తున్నారు" అన్నాడు. తను రోజాలో ఉన్నాడు. చుక్క నీళ్లు ముట్టకుండా, ఆ ఎండలో సాయంత్రం దాకా గ్లాసులు అందిస్తూనే ఉన్నాడు.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ అమ్మ పేరు అడిగారు. మల్లయ్యకు చెప్తారట.

ఇంటికొచ్చి దీపం పెట్టాను.

రేపు ఇంకా ఎక్కువమంది వస్తారు. పెరుగు ఇవ్వగలిగినవాళ్లు ఈ రాత్రే చెప్పండి.