ఉగ్గాని ఆలస్యమైంది

అమ్మ నానిన బొరుగులు పిండుతోంది. "అమ్మా, రిపోర్ట్ వచ్చింది" అన్నాను.

"మామూలు గడ్డేనంట కదా" అంది, తల ఎత్తకుండా.

"కాదమ్మా. రొమ్ము క్యాన్సర్. రెండో స్టేజి."

చేతులు ఆగిపోయాయి. గుప్పిట్లో బొరుగుల ముద్ద అట్లే ఉంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి. పొయ్యి మీద తిరగమాత మాడిన వాసన. నేనే పోయి స్టవ్ ఆపేశాను.

నాయనకు ఎట్లా చెప్పాలో కొండారెడ్డి బురుజు చుట్టూ రెండుసార్లు తిరిగి మరీ మాటలు కూర్చుకున్నాను. అన్నీ దండగ. ఆయన అడిగింది ఒక్కటే: "ఆరోగ్యశ్రీలో వస్తాదా?"

ఒళ్లు మండిపోయింది, నిజంగా. కూతురికి క్యాన్సరంటే ఇదా అడిగేది?

మధ్యాహ్నం చూస్తే టీవీ పక్కన ప్లాస్టిక్ కవరు. నా ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ కాగితం, అన్నీ మూడేసి జిరాక్సులు. ఎండలో ఎప్పుడు పోయొచ్చాడో! ఆయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

ఫ్రెండ్స్‌కు విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. కీమో ఆరుసార్లు, మూడు వారాలకొకటి. "నువ్వు స్ట్రాంగ్" అని మాత్రం పెట్టొద్దు, ప్లీజ్. దానికి ఏం జవాబివ్వాలో తెలియడం లేదు. ఫోన్ చేసి ఊరి సంగతులు చెప్పండి, చాలు.

ఉగ్గాని చివరికి పదకొండింటికి తిన్నాం. పచ్చిమిరపకాయలు సగమే వేసిందంట అమ్మ, "నీకింక కారం పడదేమోనని."

కీమో ఇంకా మొదలే కాలేదమ్మా. బజ్జీలు ఏవీ?