ఇఫ్‌లో ఇఫ్, అందులో ఇంకో ఇఫ్

ఇఫ్‌లో ఇఫ్, అందులో ఇంకో ఇఫ్, చివర్లో వరసగా ఎల్స్, ఎల్స్, ఎల్స్. ప్రోగ్రామ్‌లో ఇఫ్ అంటే 'ఇలా అయితే ఇది చెయ్', ఎల్స్ అంటే 'లేకపోతే అది చెయ్'. ఇలా ఒకదాంట్లో ఒకటి దూర్చిన కోడ్ రివ్యూకి వస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఏ ఎల్స్ ఏ ఇఫ్‌దో తేల్చుకోవడానికి స్క్రీన్ మీద వేలు పెట్టుకుని పైకీ కిందికీ తిరగాలి.

బెంగళూరులో ఉంటున్నాం కదా, ఇక్కడి బస్సు టికెట్‌నే తీసుకుందాం. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం కింద కర్ణాటక మహిళలకు మామూలు సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఏసీ బస్సులకు వర్తించదు. ఆధార్‌లో ఇంకా కడప, కర్నూలు అడ్రసే ఉన్న మన అమ్మాయిలకూ వర్తించదు (మారతహళ్లి పీజీల్లో వాళ్లకేం కొదవ లేదు). దీన్ని చాలామంది 'మహిళ అయితే' అని మొదలుపెట్టి, లోపల అడ్రస్, దానికీ లోపల బస్సు రకం చూసి, అక్కడ సున్నా చార్జీ రిటర్న్ చేసి (అంటే జవాబుగా వెనక్కి ఇచ్చి), మూడు ఎల్స్‌లలోనూ అదే చార్జీ లెక్క కాపీ పేస్ట్ చేస్తారు. రేపు లెక్క మారితే రెండు చోట్ల మారుస్తారు, మూడోది అలాగే ఉండిపోతుంది.

తిరగేసి రాయండి. ఉచితానికి అర్హత ఉందా అని చెప్పే చిన్న ఫంక్షన్ విడిగా పెట్టి, అందులో కుదరనివాటిని ముందే బయటికి పంపేయండి. ఏసీ బస్సా, ఫాల్స్, అంటే అర్హత లేదు. కర్ణాటక అడ్రస్ కాదా, ఫాల్స్. గార్డ్ క్లాజ్ అంటే ఇంతే. చార్జీ ఫంక్షన్‌లో ఇక మిగిలేది ఒక్క ఇఫ్. పైగా ఈ పథకం ట్రాన్స్‌జెండర్లకూ ఉంది. 'మహిళేనా' అన్న చెక్‌ని ఫైల్ ఫైల్‌లో చల్లినవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ కూర్చోవాలి, పేరు పెట్టి ఒకచోట ఉంచినవాళ్లు ఒక్క లైన్ మార్చి టీ తాగడానికి పోవచ్చు.

"ఫంక్షన్‌కి ఒకటే రిటర్న్ ఉండాలని కాలేజీలో చెప్పారు కదన్నా" అంటారు జూనియర్లు. సీ భాషలో మెమరీ తీసుకుని చివర్లో మనమే వదలాల్సి వచ్చినప్పుడు ఆ మాటకు అర్థం ఉంది, మధ్యలో రిటర్న్ అయితే ఆ మెమరీ వదలకుండా ఉండిపోతుంది, అంటే లీక్ అవుతుంది. ఎక్కడ రిటర్న్ అయినా చివరి సర్దుబాటు చేసిపెట్టే విత్ పైథాన్‌లో, ఫైనల్లీ జావాలో ఉండగా ఆ టెన్షన్ ఎందుకు?

బూలియన్ (ట్రూ, ఫాల్స్ రెండే విలువలు ఉండేది) పేర్లలో 'నాట్' (కాదు) పెట్టకండి, దాన్ని మళ్లీ కాదనాల్సి వస్తే రెండు 'నాట్'లు పడతాయి. 'నాట్ నాట్ యాక్టివ్' అని చదివితే నాకు తల తిరుగుతుంది.

ఇంకోటి, లోపల ఒక్క లైనే కదా అని ఇఫ్‌కి ఫ్లవర్ బ్రాకెట్లు మానేయొద్దు. 2014లో బయటపడ్డ యాపిల్ ఎస్‌ఎస్‌ఎల్ (సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడే పద్ధతి) బగ్ అలాంటిదే: మిగతా చెక్‌లు వదిలేసి నేరుగా చివరికి దూకించే 'గోటూ ఫెయిల్' లైన్ పొరపాటున రెండుసార్లు పడింది, బ్రాకెట్లు లేవు కాబట్టి రెండోది ఇఫ్‌తో సంబంధం లేకుండా ప్రతిసారీ నడిచింది, ఎర్రర్ కోడ్ మాత్రం సున్నాగానే ఉండటంతో సర్వర్ సంతకం చెక్ చేయకుండానే అంతా ఓకే అనేసింది.