కాకీ, జాలెడేగా: డాబా మీద నోట్‌బుక్, ఆరో నెల

జనవరిలో మొదలుపెట్టిన నోట్‌బుక్‌లో కొట్టివేతలు పోను నిన్నటికి 47 ఎంట్రీలు. కాకికీ, దానికన్నా చిన్న వేట పక్షికీ మధ్య నా కళ్లెదుట జరిగిన తగువు ఒక్కొక్కటీ ఒక ఎంట్రీ. మొదటి నెలంతా కలిపి నాలుగే రాశాను. ఏప్రిల్, మే నెలల్లో 29 వచ్చాయి. అది గూళ్ల కాలం కావడం ఒక కారణం. ఏ అరుపు వినగానే తల ఎత్తాలో నాకు తెలిసిరావడం ఇంకో కారణం.

మాది అమలాపురం దగ్గర పల్లె. డాబాకి మూడు వైపులా కొబ్బరి తోట, తూర్పున పంటకాలువ, అది దాటితే వరిచేలు. అందుకే ఒకే చోట కూర్చుని రెండు రకాల వేట పక్షుల్ని చూడగలుగుతున్నాను. తోటలో జాలెడేగ, చేలమీద అడవి రామదాసు. జాలెడేగ దాదాపు పావురమంత ఉంటుంది, ముక్కు నుంచి తోక చివరి దాకా 26 నుంచి 30 సెంటీమీటర్లు. మన ఊరకాకి 40 దాటుతుంది. ఎర్ర కళ్లు, తెల్లటి పొట్ట, భుజం మీద నల్ల మచ్చ ఉన్న అడవి రామదాసు కూడా కాకికన్నా చిన్నదే. మా వైపు డేగ అంటే ముందు పందెం పుంజే గుర్తొస్తుంది. కాకి, డేగ, కాకిడేగ అన్నీ పుంజుల రంగులే కదా. సంక్రాంతికి వచ్చిన మా బావతో “పొద్దున్నే కాకి డేగని తరిమింది” అంటే, ఏ బరిలో అని అడిగాడు. డాబా మీదకి తీసుకెళ్లి బైనాక్యులర్ చేతికిచ్చాను. గంటసేపు కిందకి దిగలేదు.

రాసే పద్ధతి మూడుసార్లు మార్చాను. మొదట్లో “కాకి డేగని ఏడిపించింది” లాంటి వాక్యాలు రాసేవాణ్ణి. వారం తర్వాత చదివితే ఏం జరిగిందో నాకే అర్థం కాలేదు. ఇప్పుడు ఒక్కో తగువుకీ ఆరు సంగతులు రాస్తున్నాను: టైము, కాకులెన్ని, ఎవరు పైన ఉన్నారు, డేగ కాళ్లలో తిండి ఉందా, దగ్గర్లో ఎవరి గూడైనా ఉందా, చివరికి ఎవరు ముందు కదిలారు. దూరానికి కొబ్బరిచెట్లే కొలబద్ద. మా తోటలో చెట్టుకీ చెట్టుకీ 25 అడుగుల ఎడం, కాబట్టి “రెండు చెట్ల దూరం” అని రాస్తే చాలు, తర్వాత లెక్క కట్టుకోవచ్చు. బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది. అంతకంటే పెద్దది పట్టుకుంటే చెయ్యి వణికి, కొబ్బరాకుల మధ్య పిట్ట దొరకదు. తగువు జరుగుతుంటే రాయబోకండి, తల దించిన రెండు సెకన్లలో అసలు సంగతి అయిపోతుంది. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి చూసింది చూసినట్టు చెప్పుకుంటూ పోతాను, రాత్రి కూర్చుని ఎక్కిస్తాను.

కొట్టేసిన ఎంట్రీల సంగతీ చెప్పాలి. మార్చిలో రాసిన మూడింట్లో నేను డేగ అనుకున్నది డేగే కాదు, డేగ రంగులో ఉండే కోకిల జాతి పిట్ట. అదే బూడిద వీపు, అవే తోక చారలు, ఎగిరే తీరు కూడా అలాగే ఉంటుంది. చిన్న పిట్టలే దాన్ని చూసి గోల చేస్తాయి, ఇక నేను మోసపోవడంలో వింతేముంది! ఇప్పుడు ముందు ముక్కు చూస్తున్నాను. డేగది పొట్టిగా, కొక్కెంలా వంగి ఉంటుంది, కోకిల జాతిది సన్నగా సాగి ఉంటుంది. జాలెడేగకి తెల్లటి గొంతు మధ్యలో నిలువుగా సన్నటి నల్ల గీత కూడా ఉంటుంది, వెలుగు బాగుంటే కనిపిస్తుంది. ఈ రెండూ చూడకపోతే ఎంట్రీ రాయను.

అరుపుని బట్టి కూడా రాయకూడదని ఏట్రింత అనే పిట్ట నేర్పింది. కరెంటు తీగ మీద నుంచి “టిట్యూ, టిట్యూ” అని జాలెడేగ గొంతు వినిపిస్తే పరుగున వెళ్లాను. తీరా చూస్తే చీలిన తోకతో నల్లగా ఏట్రింత కూర్చుని ఉంది. డేగ అరుపుని అది అచ్చు గుద్దినట్టు దించుతుంది.

ఇన్ని నెలల్లో నేను మరచిపోలేనిది మార్చి నెలాఖరు నాటి ఎంట్రీ. ఉదయం 6:50. జాలెడేగ ఒక తొండని తెచ్చుకుని, డాబాకి రెండు చెట్ల దూరంలో వాలిపోయిన ఎండు కొబ్బరిమట్ట మీద కూర్చుంది. నిమిషం తిరక్కుండానే మూడు కాకులు వచ్చాయి. ఒకటి ఎదురుగా, మట్ట మొదట్లో వాలింది. అది అరవలేదు, దగ్గరికీ రాలేదు, తల పక్కకి వంచి చూస్తూ కూర్చుంది. డేగ రెక్కలు విప్పి, తోక విసనకర్రలా పరిచి, తొండ కనిపించకుండా కప్పేసింది. గొంతు కింద ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఈలోగా రెండో కాకి వెనక నుంచి ఒక్కొక్క అడుగే పక్కకి వేసుకుంటూ వచ్చి తోక ఈక పట్టుకుని లాగింది. డేగ గిర్రున తిరిగింది. తిరగ్గానే ఎదుటి కాకి ఒక్క గెంతు ముందుకేసింది. డేగ మళ్లీ ఇటు తిరిగితే వెనక కాకి మళ్లీ లాగింది. ఇలా నాలుగుసార్లు. మూడో కాకి పై మట్ట మీద కూర్చుని గొంతు చించుకుంటోంది. చివరికి డేగ తొండని కాళ్లలో ఇరికించుకుని, నేలకి నడుమెత్తులో చెట్ల మొదళ్ల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ దూసుకుపోయింది. కాకులు పైనుంచి వెంటపడ్డాయి కానీ ఆ మలుపులు తిరగలేక ఆరో చెట్టు దగ్గర ఆగిపోయాయి. మొత్తం మూడు నిమిషాలు. నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

ఆ రోజు దాకా కాకులకి డేగంటే పగ అనుకునేవాణ్ణి. ఆ రాత్రి అన్ని ఎంట్రీల్లోనూ “కాళ్లలో తిండి” గడి వరసగా చూశాను. ఖాళీ కాళ్లతో కూర్చున్న డేగని కాకులు చాలాసార్లు ఒకసారి అరిచి వదిలేశాయి. గుంపు కట్టి పట్టు వదలకుండా తిరిగినవన్నీ డేగ ఏదో పట్టుకొచ్చిన రోజులే. ఎదురుగా నిలబడి డేగ మీద పడ్డ కాకిని మాత్రం ఇంతవరకూ చూడలేదు. వెనక నుంచో, పైనుంచో రావాల్సిందే.

ఏప్రిల్‌లో లెక్క తిరగబడింది. పెరటి మామిడిచెట్టులో జాలెడేగ గూడు పెట్టింది. పుల్లలతో అల్లిన గూడు, దూరానికి కాకిగూడులాగే ఉంది. ఆ రోజు నుంచి మామిడిచెట్టుకి నాలుగు చెట్ల దూరంలోకి వచ్చిన ప్రతి కాకినీ డేగే తరిమింది, కాళ్లలో ఏమీ లేకుండానే. ఆ చెట్టు కిందకి నేను వెళ్లలేదు, మీరూ వెళ్లకండి. మనిషి తచ్చాడితే డేగ లేచి వెళ్తుంది, ఖాళీ గూడు కాకి కంట పడుతుంది. గుడ్లు పొదగడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ డాబా మీద నుంచే చూశాను.

కాకులకీ గూళ్లున్నాయి మరి. కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చినాయన కాలువగట్టు చెట్టు చూపించి, “అది మాత్రం ఎక్కనండి బాబూ, ఆ కాకులు నెత్తి మీద తన్నేత్తాయండి” అన్నాడు. మర్నాడే అదే చెట్టు దగ్గర ఎగురుతున్న జాలెడేగని రెండు కాకులు కాలువ దాటించాయి. అప్పుడూ దాని కాళ్లు ఖాళీయే. అందుకే గూడు గడి కూడా పెట్టాను.

అడవి రామదాసు మీద తొమ్మిదే ఎంట్రీలు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక చేలల్లో ఎలుకలు బయటపడతాయి. ఇది గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్లు వేలాడేసి మెల్లగా దిగుతుంది. ఎలుకతో లేవగానే కాకి వెంటపడుతుంది. జాలెడేగలా చెట్లలో దూరడానికి ఇక్కడ చెట్లు లేవు కాబట్టి ఇది పైకి లేస్తుంది, ఇంకా పైకి, కాకి విసిగి వెనక్కి మళ్లేదాకా. సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఎండ వీపున పడేలా పడమటి గట్టున కూర్చుంటే బాగా కనిపిస్తుంది.

48వ ఎంట్రీ ఈ ఉదయానిది. రాత్రి వాన పడింది. మామిడిచెట్టు గూట్లోంచి వచ్చిన పిల్ల, గోధుమరంగు వీపు, రొమ్ము నిండా చుక్కలు, తల విరిగిన కొబ్బరి మోడు మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. కాళ్లలో ఏమీ లేదు. ఒక కాకి వచ్చి వెనక వాలింది. పిల్ల కదల్లేదు. కాకి ఇంకో అడుగు వేసింది, ముక్కు తోకకి జానెడు దూరంలో ఉంది. అప్పుడు పిల్ల మొత్తం శరీరంతో తిరిగి కాకికి ఎదురుగా కూర్చుంది. టైము 6:22. ముందు కదిలింది కాకి.