నా అనుభవం: గోడ మీద ఆకుల వెనక కంప్యూటర్

ప్రదర్శన రెండో రోజు సాయంత్రం వెళ్లి చూస్తే గోడ మీద ఆకులు లేవు. ప్రొజెక్టర్ వెలుగులో గోడంత విండోస్ డెస్క్‌టాప్ ఉంది. కెమెరా ముందు చేయి ఊపితే గోడ మీద ఆకులు ఎగరాలి, పక్కనున్న టచ్‌స్క్రీన్ మీద ఋతువు మార్చుకోవచ్చు. అదీ నా ఇన్‌స్టలేషన్, అంటే చూసేవాళ్లూ పాలుపంచుకునే కళాకృతి. ఒక పిల్లవాడు స్క్రీన్ అంచు నుంచి లోపలికి వేలు లాగాడట, దాంతో నా ప్రోగ్రాం తప్పుకుని వెనకున్న డెస్క్‌టాప్ బయటపడింది. తప్పు వాడిది కాదు, తాకమని పెట్టిందే నేను.

అసలు భయం వేసింది డెస్క్‌టాప్ మీదున్న ఒక ఫోల్డర్‌ని చూసి. కెమెరా పనితీరు చూసుకోవడానికి అప్పుడప్పుడు ఒక ఫ్రేమ్ (కెమెరా తీసే ఒక్కో బొమ్మ) సేవ్ అయ్యేలా రాసుకుని, ఆ లైను తీసేయడం మర్చిపోయాను. రెండు రోజులుగా కెమెరా ముందు నవ్వుతూ చేతులూపిన వాళ్ల ముఖాలన్నీ అందులో ఉన్నాయి. వాళ్లెవరూ అందుకు ఒప్పుకోలేదు. వెంటనే అన్నీ తుడిచేసి, ఫ్రేమ్ మెమరీ దాటి డిస్కుకు చేరకుండా ప్రోగ్రాం మార్చాను. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే అని నా అభిప్రాయం.

ఆ రాత్రే అడ్మిన్ హక్కులు లేని కొత్త అకౌంట్ తెరిచాను. అందులో మెయిల్ లేదు, నా ఫైళ్లు లేవు. ఆటో లాగిన్ (పాస్‌వర్డ్ అడగకుండానే అకౌంట్ తెరుచుకోవడం) పెట్టాక ఆ అకౌంట్ ఎవరి చేతికైనా దొరికినట్టే కదా. లాగిన్ అవగానే డెస్క్‌టాప్‌ని చూపించే ప్రోగ్రాం (షెల్) ఎక్స్‌ప్లోరర్. దానికి బదులు ఒక చిన్న బ్యాచ్ ఫైల్‌ని, అంటే వరసగా ఆదేశాలు రాసిన ఫైల్‌ని, షెల్‌గా పెట్టాను. అది నా ప్రోగ్రాంని నడుపుతుంది, ప్రోగ్రాం ఆగిపోతే మళ్లీ మొదలుపెడుతుంది. వెనక డెస్క్‌టాప్ అనేదే ఉండదు. అంచు స్వైప్‌ని (అంచు నుంచి వేలు లాగడాన్ని) విండోస్‌లోని గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల్లో ఆపేశాను. వైఫై తీసేశాను.

యూఎస్‌బీ పోర్టులో ఎవరైనా కీబోర్డు గుచ్చి షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ (మీటల్ని ఒకేసారి నొక్కలేనివాళ్ల కోసం విండోస్‌లో ఉన్న సదుపాయం) పెట్టె తెర మీదకి వస్తుంది, అక్కడినుంచి సెట్టింగ్స్‌లోకి దారి. ఆ షార్ట్‌కట్ ఆపేసి, సీపీయూని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశాను. రెండు గంటల్లో అది వేడెక్కి ఆకులు నత్తనడక నడిచాయి. పెట్టెకి కన్నాలు చేసి ఫ్యాన్ బిగించాక గానీ కుదుటపడలేదు. బయోస్‌కి (విండోస్ కంటే ముందే మొదలయ్యే సెట్టింగులకి) పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ బూట్ (పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ మొదలవడం) ఆపి, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా చేశాను.

మర్నాడు తెరవకముందు మా అక్క పిల్లల్ని తీసుకొచ్చి, "దీన్ని ఎలాగైనా చెడగొట్టండి" అన్నాను. పది నిమిషాల్లో చిన్నది దారి కనిపెట్టింది. వివరాల పేజీలో నా వెబ్‌సైట్ లింకు ఉంది, దాన్ని నొక్కితే బ్రౌజర్ తెరుచుకుంది. లింకు తీసేసి మామూలు అక్షరాలుగా రాశాను.

ప్రదర్శన ముగిశాక లాగ్ (ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే ఫైల్) తీసి చూస్తే ప్రోగ్రాం నాలుగుసార్లు ఆగి మళ్లీ లేచింది. అక్కడున్న సిబ్బందిని అడిగితే, తాము గమనించనే లేదన్నారు.