గడ్డిమందు థీసిస్, మా లైబ్రేరియన్ సార్

జనరల్ మెడిసిన్ పీజీలో నాకు వచ్చిన థీసిస్ టాపిక్ పారాక్వాట్. ఊళ్లలో గడ్డిమందు అంటారు. తాగిన మనిషి మాట్లాడుతూనే వార్డుకి వస్తాడు, రోజుల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. విరుగుడు లేదు. స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇస్తే లాభం ఉంటుందా అన్నదే నా థీసిస్.

సినాప్సిస్ (థీసిస్ ఎలా చేస్తామో ముందుగా రాసిచ్చే ప్రణాళిక) గడువు దగ్గరపడుతుంటే మా గైడ్ మేడమ్ "ముందు లైబ్రేరియన్ సార్‌ని కలువు" అన్నారు. నాకు వింతగా అనిపించింది. లైబ్రరీ అంటే మాకు పరీక్షల ముందు ఫ్యాన్ కింద చదువుకునే హాలు. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా అక్కడ పుస్తకాలు లెక్కపెట్టి వెళ్లిపోతారు.

సార్ కంప్యూటర్ జోలికే పోలేదు. "నీ ప్రశ్న కాగితం మీద రాయమ్మా" అన్నారు. రోగి ఎవరు, చికిత్స ఏమిటి, దేనితో పోలుస్తున్నావు, చివరికి ఏం చూస్తావు అని నాలుగూ విడదీయించారు. "లాభం అంటే ప్రాణం దక్కడమా, ఊపిరితిత్తులు చెడకపోవడమా?" అని అడిగేసరికి సినాప్సిస్‌లో సగం తిరగరాయాల్సి వచ్చింది.

ఆ తర్వాతే వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్ తెరిచారు. ఉత్తినే పారాక్వాట్ అని కొడితే ఎలుకలు, మొక్కలు, పార్కిన్సన్స్ ప్రయోగాలు వరదలా వచ్చిపడ్డాయి. అక్కడ మెష్ అని ఒక పదాల పట్టిక ఉంది. గ్రామోక్సోన్ అన్నా, మిథైల్ వయోలోజెన్ అన్నా అది పారాక్వాట్ కిందికే చేరుస్తుంది. దానికి పాయిజనింగ్ అనే ఉపశీర్షిక తగిలిస్తే మనకు కావలసినవి చాలావరకు మిగులుతాయి. అన్ని పేపర్లకూ ఆ శీర్షికలు పడవు కాబట్టి మామూలు మాటలతోనూ వెతకాలట.

అలా వెతికితేనే 2018లో అచ్చయిన శ్రీలంక ట్రయల్ దొరికింది. ఎక్కువ మోతాదులో ఈ మందులిచ్చినా మరణాలు తగ్గినట్టు రుజువు కాలేదని అందులో ఉంది. అంతకుముందు నేను చదివిన చిన్న స్టడీలు లాభం ఉందన్నాయి. మేడమ్ ఆ పేపర్‌ని యూనిట్ మీటింగులో చర్చకు పెట్టారు. ఫుల్ టెక్స్ట్ రాని పాత పేపర్లను సార్ వేరే కాలేజీల లైబ్రేరియన్లకు మెయిల్ పెట్టి తెప్పించారు.

పాతవాటి మీద అంత పట్టుదల ఎందుకని అడిగితే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ సంగతి చెప్పారు. 2001లో అక్కడ ఆస్తమా పరిశోధన కోసం హెక్సామెథోనియం పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలైన వలంటీరు చనిపోయింది. ఆ మందుతో ఊపిరితిత్తులకు ప్రమాదమని 1950ల నాటి పేపర్లలోనే ఉంది. పరిశోధకుడు వెతికిన పబ్‌మెడ్‌లో అప్పటికి 1966 నుంచి వచ్చినవే ఉన్నాయి. అది విన్నాక, పాత వాల్యూముల గది మా ఆసుపత్రికి దండగ అని నేనైతే అనను.

ప్రతి సెర్చినీ తేదీతో దాచమన్నారు. ఎథిక్స్ కమిటీలో "ఎక్కడెక్కడ వెతికావు?" అని అడిగితే ఆ కాగితాలే ముందు పెట్టాను. సినాప్సిస్ పాసైంది.

ఇప్పుడు కొత్త పీజీలకు చేరగానే సార్ దగ్గర ఒక పూట క్లాసు పెట్టిస్తున్నాం. వార్డు రౌండ్స్‌కీ రమ్మని అడిగాం. లైబ్రరీకి ఉన్నది ఆయన ఒక్కరే. "తాళం వేసి ఎట్లా వస్తానమ్మా, ప్రశ్న రాసి పంపండి" అన్నారు. పంపుతున్నాం.